మడిచి వెంట తీసుకెళ్లే బూస్టర్ సీటు ఆరేళ్ల పిల్లవాడికి సరిపోతుందా?

ప్రశ్న (కొత్తగా వచ్చిన ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మేము బ్రిటన్ వచ్చి రెండు నెలలయింది. మా అబ్బాయికి ఆరేళ్లు, ఎత్తు 118 సెంటీమీటర్లు, బరువు 20 కిలోలు. సొంత కారు ఇంకా లేదు కాబట్టి మిత్రుల కార్లలోనూ టాక్సీలలోనూ తిరుగుతున్నాము. కారు బెల్టు సరిగా పడేలా పిల్లలను కాస్త ఎత్తులో కూర్చోబెట్టే బూస్టర్లలో బ్యాగులో పట్టేలా మడిచేవి, గాలి నింపి వాడేవి చూశాను. ఇంత చిన్న వస్తువును నిజంగా పరీక్షించి అమ్ముతారా? అమెరికాలో ఉన్న మా అక్క తన కూతురు వాడిన బూస్టర్‌ను పంపిస్తానంటున్నది. తీసుకోవచ్చా?

జవాబు (పన్నెండేళ్లుగా బ్రిటన్‌లో ఉంటున్న ఒక తండ్రి)

అమ్మా, ముందుగా మీ అక్కగారి సీటు సంగతి. అది అక్కడ ఎంత మంచిదైనా ఇక్కడ వాడడానికి చట్టం ఒప్పుకోదు. పిల్లల కారు సీట్లకు ఐక్యరాజ్యసమితి పెట్టిన నియమాలైన ఆర్ 44, ఆర్ 129లలో ఏదో ఒకదాని ప్రకారం ఆమోదం పొందినట్టు సీటు మీద లేబుల్ ఉండాలి. సాధారణంగా నారింజ రంగులో ఉండే ఆ లేబుల్ మీద వృత్తంలో ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం, దాని పక్కన ఆమోదించిన దేశం అంకె ఉంటాయి. 1 అంటే జర్మనీ, 4 అంటే నెదర్లాండ్స్, 11 అంటే బ్రిటన్. పిల్లవాడికి 12 ఏళ్లు నిండేవరకు గాని, 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు గాని, ఏది ముందైతే అంతవరకు సాధారణంగా తగిన సీటు వాడవలసిందే.

ఇక అసలు విషయం. వీపు ఆనుకునే భాగం లేని బూస్టర్లను, 2017 నుంచి కొత్తగా ఆమోదం పొందే నమూనాలలో, 125 సెంటీమీటర్ల ఎత్తు, 22 కిలోల బరువు దాటిన పిల్లలకే అనుమతిస్తున్నారు. అంతకు ముందు ఆమోదం పొందిన పాత నమూనాలలో 15 కిలోల నుంచి వాడవచ్చని రాసి ఉండవచ్చు, వాటిని వాడడం నేరం కాదు. కానీ మీ అబ్బాయి ఎత్తులోనూ బరువులోనూ కొత్త హద్దుకు కింద ఉన్నాడు. అందువల్ల బ్యాగులో పట్టే చిన్న బూస్టర్‌ను కాక, వీపు ఉండి మడతపడే రకాన్ని వెతకమని నా సలహా. ఆర్ 129 లేబుల్ మీద బరువు బదులు ఎత్తు ఉంటుంది, 100 నుంచి 150 సెంటీమీటర్లు అన్నది మీకు కావలసినది.

జవాబు (ఇద్దరు పిల్లల తల్లి)

లేబుల్ గురించి పై సభ్యులు చెప్పినది ఎంత ముఖ్యమో నాకు అనుభవంతో తెలిసింది. అయిదేళ్ల క్రితం సెలవులకు వెళ్లినప్పుడు అద్దె కారుతో పాటు బూస్టర్ కూడా ముందే మాట్లాడుకున్నాము. రాత్రి పదకొండు దాటాక విమానం దిగి, నిద్రమత్తులో ఉన్న పిల్లలను ఎత్తుకుని కౌంటరుకు చేరుకుంటే, అక్కడి ఉద్యోగి వెనక గదిలోంచి ఒక బూస్టర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. నడుము బెల్టు పట్టి ఉంచడానికి ఇరువైపులా ఉండవలసిన కొమ్ములలో ఒకటి విరిగి ఉంది. అడుగున లేబుల్ సగం చిరిగిపోయింది, మిగిలిన సగంలో 22 నుంచి 36 కిలోలు అని ఉంది. మా పెద్దవాడు అప్పుడు 17 కిలోలు.

ఇది సరిపోదని చెబితే, అన్నీ ఒకటేనని ఆయన సమాధానం. లేబుల్ చూపించి మళ్లీ అడిగితే, ఇంతవరకు ఎవరూ ఇలా అడగలేదన్నాడు. గంటన్నర నిలబడ్డాక ఇంకొకటి తెచ్చాడు, అది బాగానే ఉంది. తీరా కారు చూస్తే వెనక మధ్య సీటుకు నడుము బెల్టు మాత్రమే ఉంది. బూస్టర్‌ను భుజం బెల్టు కూడా ఉన్న చోటనే వాడాలి, నడుము బెల్టు ఒక్కదానితోనే ఎన్నడూ వాడకూడదు. చిన్నవాడి సీటు అప్పటికే ఒక పక్క బిగించి ఉంది కాబట్టి పెద్దవాడిని రెండో పక్కకు మార్చి, నేను మధ్యలో కూర్చున్నాను. వాడని ఆ విరిగిన బూస్టర్ అద్దెను తిరిగి రాబట్టడానికి మూడు ఉత్తరాలు రాయవలసి వచ్చింది. ఆనాటి నుంచి ఎక్కడికి వెళ్లినా మా సీటు మేమే మోసుకెళ్తున్నాము.

జవాబు (అమెరికాలో ఇరవై ఏళ్లుగా ఉన్న ఒక సభ్యుడు)

మొదట జవాబిచ్చిన సోదరుడు చెప్పిన బ్రిటన్ చట్టంతో నాకు పేచీ లేదు. కానీ చదివేవారికి అమెరికా సీట్లు పరీక్షించనివన్న అభిప్రాయం కలగకూడదు. పిల్లల సీట్లకు ఇక్కడి ప్రభుత్వం పెట్టిన ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 213 అనే భద్రతా ప్రమాణం ప్రకారం గంటకు 48 కిలోమీటర్ల వేగంతో ముందు నుంచి గుద్దుకున్నట్టు పరీక్షిస్తారు. వీపు లేని బూస్టర్లు కూడా అందులో నెగ్గవలసిందే. పైగా ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ అనే ఇక్కడి రోడ్డు భద్రతా సంస్థ 2008 నుంచి బూస్టర్లలో బెల్టు పిల్లల ఒంటి మీద ఎలా పడుతున్నదో కొలిచి ఫలితాలు ప్రకటిస్తున్నది. మా అమ్మాయికి చిన్న బూస్టరే వాడాము, బెల్టు చక్కగా పడేది.

జవాబు (పై తండ్రి మళ్లీ)

అన్నగారూ, అక్కడ తయారీదారు తన వస్తువు ప్రమాణానికి తగినట్టు ఉందని తానే ధ్రువీకరించి అమ్మకానికి పెడతాడు, ప్రభుత్వం తరువాత కొన్నింటిని కొని పరీక్షిస్తుంది. ఇక్కడ ఆమోదం వచ్చాకే అమ్మకం. పరీక్షలో పిల్లవాడి బదులు కూర్చోబెట్టే బొమ్మ తల మాకు 550 మిల్లీమీటర్లు దాటి ముందుకు పోకూడదు, మీకు 813 వరకు పోవచ్చు. ఏది కఠినమో ఆ అంకెలే చెబుతున్నాయి.

జవాబు (వాహన భాగాల పరీక్షల్లో పనిచేసిన ఒక ఇంజనీరు)

ఆ రెండు అంకెలను పోల్చడం సరికాదు. బ్రిటన్‌లోనూ వర్తించే యూరప్ పరీక్షలో దూరాన్ని సీటు పరుపూ వీపు భాగమూ కలిసే రేఖ నుంచి కొలుస్తారు. అమెరికా పరీక్షలో అంతకంటే వెనక ఉన్న బిందువు నుంచి కొలుస్తారు. పరీక్ష బెంచీలు కూడా వేరు. అయితే అమెరికాలో 2022లో తెచ్చిన పక్క నుంచి గుద్దే పరీక్ష సుమారు 18 కిలోల లోపు పిల్లల సీట్లకే వర్తిస్తుంది కాబట్టి, అంతకు మించిన పిల్లలకే ఉద్దేశించిన బూస్టర్లు దాని పరిధిలోకి రావు. ఇది ఇద్దరూ గమనించవలసిన సంగతి.

అడిగిన తల్లికి నేను చెప్పదలచినది వేరు. బూస్టర్ పని పిల్లవాడిని పట్టి ఉంచడం కాదు, పట్టి ఉంచేది కారు బెల్టే. ఆ బెల్టు పొట్ట మీద కాక తుంటి ఎముకల మీదా తొడల మొదట్లోనూ పడేలా చూడడం బూస్టర్ పని. ఆరేళ్ల పిల్లవాడి తుంటి ఎముకలు ఇంకా పూర్తిగా ఎదగవు. ఢీకొన్నప్పుడు శరీరం కిందికి జారితే బెల్టు మెత్తని పొట్టలోకి దిగి లోపలి అవయవాలకు దెబ్బ తగులుతుంది. అందుకే ఆర్ 44 పరీక్షలో బొమ్మ పొట్ట దగ్గర బంకమట్టి పెడతారు, బెల్టు అందులోకి దిగిన గుర్తు కనిపించకూడదు. 2013లో వచ్చిన ఆర్ 129లో తల, మెడ, ఛాతీల దగ్గర కొలిచే పరికరాలున్న కొత్త బొమ్మలు వచ్చాయి, పక్క నుంచి గుద్దే పరీక్ష కూడా చేరింది.

పిల్లవాడిని పైకి లేపకుండా బెల్టునే కిందికి లాగే చిన్న పరికరాలు కూడా ఉన్నాయి. ఆమోదం పొందినవైతే అవీ పరీక్షలో నెగ్గినవే. అయితే పరీక్షలో బొమ్మ నిటారుగా, కదలకుండా కూర్చుంటుంది, బెల్టు వేసేది శిక్షణ పొందినవారు. మీ అబ్బాయి నిద్రపోయి ఒక పక్కకు ఒరిగితే భుజం బెల్టు జారిపోతుంది. వీపు ఉన్న సీటులో తలకూ భుజానికీ ఆనుకునే చోటు ఉంటుంది. వీపు ఉన్నదే కొనమని నేనూ చెబుతాను.

అడిగిన తల్లి

మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న మిత్రుల ఇంట్లో ఉన్న చిన్న బూస్టర్ తిప్పి చూస్తే లేబుల్ మీద 22 నుంచి 36 కిలోలని ఉంది. వాడకుండా పక్కన పెట్టాము. అక్కకు కూడా సీటు పంపవద్దని రాశాను. వీపు ఉండి మడతపడే సీటు ఎంచుకున్నాను. కొనేముందు చూడవలసినది ఇంకేమైనా ఉందా?

జవాబు (ఇద్దరు పిల్లల తల్లి)

ఉంది. మిత్రుల కారులోనే అబ్బాయిని అందులో కూర్చోబెట్టి చూడండి. సీటు వెడల్పుగా ఉంటే బెల్టు బకిల్ దాని కింద నలిగిపోయి సరిగా బిగుసుకోదు. మా ఇంట్లో ఒక సీటు అందుకే వెనక్కి ఇవ్వవలసి వచ్చింది.