పట్నం వారి పేరు చెబితే ‘రఘువంశ సుధ’ ఒక్కటే ఎందుకు గుర్తుకు రావాలి?

మైలాపూరు శ్రోత:

చెన్నైకి వచ్చి ఇరవై ఏళ్లయింది. ఏ డిసెంబరులోనూ సంగీత సభలకు వెళ్లడం మానలేదు. ఈసారి ఒకే వారంలో నాలుగు కచేరీలు వింటే, మూడింటిలో పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ గారి ‘రఘువంశ సుధాంబుధి’ వినిపించింది. మూడుచోట్లా అది ప్రధాన కృతికి ముందో, రాగం తానం పల్లవికి (ఒకే రాగాన్ని విస్తారంగా పాడే అంశానికి) ముందో, సభను కాస్త హుషారు చేయడానికి పెట్టుకున్న పాటగానే వచ్చింది. పెళ్లిళ్లలో నాదస్వరం మీదా, వయొలిన్ నేర్చుకునే పిల్లల వార్షికోత్సవాల్లోనూ అదే పాట.

అయ్యర్ గారు (1845–1902) మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారి శిష్యులు, అంటే త్యాగరాజస్వామికి ప్రశిష్యులు, శిష్యుడి శిష్యులు. తిరువయ్యారు మనిషి అయినా, మన చెన్నపట్నంలో కొన్నేళ్లు ఉన్నందువల్లనే ఆయన పేరుకు ముందు ‘పట్నం’ వచ్చి చేరింది. ‘రఘువంశ సుధ’ సాహిత్యం మొదటి నుంచి చివరి దాకా సంబోధనలే. సమాసం వెనుక సమాసం నడుస్తుందే గాని, పాడేవాడి గుండెలోని మాట ఒక్కటీ బయటికి రాదు. అదే వాగ్గేయకారుడు బిలహరి రాగంలో ‘పరిదానమిచ్చితే పాలింతువేమో’ అన్నాడు. లంచమిస్తే గాని కాపాడవేమో అని దేవుణ్ణే నిలదీసిన ఆ చనువు త్యాగయ్య ఇంటి సొత్తు. ఇక బేగడ రాగంలో ‘అభిమానమెన్నడు గల్గురా’ వంటి కృతి చేసినవారిని లోకం ‘బేగడ సుబ్రహ్మణ్య అయ్యర్’ అని పిలుచుకోవడంలో వింత లేదు. ఇంతటివారి రచనల్లో, నా దృష్టిలో బలహీనమైన పాటే ఎక్కువగా మోగడానికి కారణమేమిటో తెలిసినవారు చెప్పగలరా?

వీణ విద్యార్థిని, టి.నగర్:

కారణం చాలావరకు రాగంలోనే ఉందండీ. ‘రఘువంశ సుధ’ది కదనకుతూహల రాగం. కదనకుతూహలం, బేగడ రెండూ 29వ మేళమైన (అంటే మాతృరాగమైన) ధీరశంకరాభరణం నుంచి పుట్టినవే. అయితే కదనకుతూహలం ఆరోహణ ‘స రి మ ద ని గ ప స’ అని గెంతుతూ సాగుతుంది. ఆ గెంతుల మధ్య గమకానికి, అంటే స్వరాన్ని ఊపడానికి, చోటు తక్కువ కాబట్టి స్వరాలు తిన్నగా, పాశ్చాత్య బాణీలో పలుకుతాయి. వేళ్లకు అలవాటైతే చాలు, పన్నెండేళ్ల పిల్ల కూడా చిట్టస్వరాన్ని (కృతిలో ముందే కూర్చిపెట్టిన స్వరాల వరుసను) మెరుపులా వాయించి చప్పట్లు కొట్టించుకోగలదు. బేగడలో అలా కుదరదు. దాని మధ్యమం (మ), నిషాదం (ని) మెట్టు మీద నిలిచేవి కావు. ఎంత ఊపాలో, ఎక్కడ ఆపాలో పుస్తకంలో రాసి చూపించలేము, గురువు పక్కన కూర్చుని పట్టుకోవలసిందే. నేను మూడేళ్లుగా బేగడ వర్ణం వాయిస్తున్నాను. మా గురువుగారు ఇప్పటికీ ఆ మధ్యమం దగ్గరే నన్ను ఆపుతారు. రెండు గంటల కచేరీలో తొందరగా రక్తి కట్టే పాటకే మొగ్గు ఉండడం సహజమే.

మల్లేశ్వరం నుంచి ఒక సంగీతాభిమాని:

తేలికపాటి కృతిని బలహీనమైన కృతి అనడం నాకు సమ్మతం కాదు. కదనకుతూహలాన్ని కల్పించినది అయ్యర్ గారే అంటారు. ఆ వేగమూ, ఆ మెరుపూ ఆయన కోరి తెచ్చినవే. అంత పొడవాటి సమాసాలు ఆ గెంతుల మీద ఎక్కడా తడబడకుండా కూర్చోవడం కూడా పదాల తూకం తెలిసినవారికే సాధ్యం.

ఆయన శిష్యులు మైసూరు వాసుదేవాచార్యుల వారిదీ (1865–1961) ఇదే కథ. ఖమాసు రాగంలోని ‘బ్రోచేవారెవరురా’ 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ చిత్రంతో తెలుగువారి ఇంటింటికీ చేరింది. అది గొప్ప కృతే. కాని దాన్ని త్యాగరాజ కృతి అనుకునేవారిని మా బంధువుల్లోనే చూశాను. పాటకు వచ్చిన కీర్తి కర్త దాకా చేరకపోవడమే నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

పాత కచేరీల శ్రోత, ట్రిప్లికేన్:

ఇందులో గాయకుల వంతు కూడా ఉంది. ముత్తుస్వామి దీక్షితుల వారి ‘వాతాపి గణపతిం’ ఈనాడు ఇన్ని సంగతులతో (ఒకే పంక్తిని రకరకాలుగా పాడే మార్పులతో) వినిపించడానికి మహావైద్యనాథ అయ్యర్ (1844–1893) కారణమని చెబుతారు. ఆయనా మానంబుచావడి వారి శిష్యులే, పట్నం వారికి సహాధ్యాయి. అంటే కచేరీ ఆరంభానికి తగినట్టు ఆ పాటను తీర్చిన చేయి వేరు. దీక్షితుల విలంబ గతి, ఆ నిదానం చూడాలంటే ఆయన కమలాంబా దేవి మీద కూర్చిన కృతుల వరుస, కమలాంబా నవావరణాలకు వెళ్లాలి. వాటిలో ఆహిరి రాగంలోని ‘శ్రీ కమలాంబా జయతి’ని నవరాత్రి రోజుల్లో తప్ప నేను సభలో విన్నది బహు తక్కువ. కరుణరసం నిండిన ఆ రాగాన్ని పొద్దున పాడితే ఆ పూట అన్నం దొరకదన్న నమ్మకం కూడా దాన్ని కొంత దూరం చేసింది.

మైలాపూరు శ్రోత:

అందరికీ నమస్కారాలు. మల్లేశ్వరం వారి మాట విన్నాక ‘బలహీనం’ అన్న పదాన్ని సాహిత్యంలోని భావానికే పరిమితం చేసుకుంటున్నాను. స్వరరచనకు ఆ మాట వాడడం నా తొందరపాటే. వచ్చే ఆదివారం మా వీధి సభలో కచేరీ ఉంది. విరామానికి ముందే ‘అభిమానమెన్నడు’ పాడమని చీటీ రాసి వేదిక మీదికి పంపుతాను. ఆ పాట తనకు పాఠం లేదని, అంటే నేర్చుకోలేదని, గాయని అంటే ‘పరిదానమిచ్చితే’ అయినా పాడమని అదే చీటీలో కింద రాస్తాను.