కొత్త బోరు: అనుమతి రాకముందే వేయించవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. నాన్న వేయించిన బోరు ఈ వేసవిలో బురద కక్కి ఆగిపోయింది. మూడెకరాల చీనీ తోట ఆకులు ముడుచుకుంటున్నాయి. మా ఊళ్లో కొత్త బోర్లు నిషేధిస్తారని అంటున్నారు. ఈలోగానే రిగ్గు పిలిపించనా?

జవాబు 1: వద్దండీ. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరుకు అనుమతి కావాలి. ముందు మీసేవలో దరఖాస్తు పెట్టండి. ఊరి తాగునీటి బోరు 250 మీటర్ల లోపల ఉంటే మరీ జాగ్రత్త. పాత బోరు నమోదైందో లేదో కూడా చూసుకోండి.

జవాబు 2: నేను తొందరపడి రెండు వేయించాను. రెండింటిలోనూ తెల్లటి రాతి పొడే లేచింది, అప్పు మిగిలింది. ముందు భూగర్భ జల నిపుణులకు చూపించండి. అంతవరకు పాదుల్లో వేరుశనగ పొట్టు పరచి, డ్రిప్పుతో చెట్లను బతికించండి.

ప్రశ్న అడిగినవారు: పొట్టు ఇంట్లోనే ఉంది. రేపే మీసేవకు వెళ్తాను.