ఆరో తరగతికి హైస్కూల్లో చేరిన పిల్లాడికి ఇంట్లో మనం ఏం చెయ్యగలం?

పొదలకూరు_నిమ్మతోట

అందరికీ నమస్కారం. మా వాడు ఊరి బళ్లో ఐదో తరగతి అయిపోయి ఈ జూన్‌లో మండలం హైస్కూల్లో ఆరులో చేరాడు. ఊరి బళ్లో ఇద్దరే టీచర్లు, అన్ని పాఠాలూ వాళ్లే చెప్పేవాళ్లు. ఇక్కడ సబ్జెక్టుకొక సారు. సాయంత్రం ఇంటికొచ్చాక హోంవర్క్ ఏంది అంటే గుర్తులేదంటాడు. హిందీ పుస్తకం తెరవడమే లేదు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం, వాళ్లమ్మ ఏడు దాకా. ఇద్దరం తోట పనికి పోతాం, ఇంటికి చేరేసరికి ఆరు దాటుద్ది. ఇంగ్లీష్ మీడియం పాఠాలు మా వల్ల కాదు. ట్యూషన్‌లో వెయ్యాలా, ఇంట్లోనే ఏమన్నా చెయ్యొచ్చా? అనుభవం ఉన్నోళ్లు వివరంగా చెప్పండి.

లెక్కల_సారు_కొండపి

అన్నా, ఐదు దాకా పిల్లోణ్ణి రోజంతా చూసేది ఒకరో ఇద్దరో. నిన్న బడికి రాలేదని, ఏడో ఎక్కం దగ్గర తడబడతాడని, బోర్డు సరిగా కనపడటం లేదని వాళ్లకే తెలుసు. హైస్కూల్లో తెలుగు, హిందీ, ఇంగ్లీష్, లెక్కలు, సైన్సు, సోషల్ ఆరుగురి చేతుల్లో ఉంటాయి. ఒక్కొక్కరు వాణ్ణి రోజుకు ముప్పావు గంట చూస్తారు, అదీ మిగతా క్లాసంతటితో కలిపి. మొత్తంగా పిల్లోడు ఎలా ఉన్నాడో చూసే మనిషి బళ్లో ఉండడు. ఈ ఒక్క ఏడాది ఆ పని ఇంట్లో జరగాలి. దానికి మీకు ఇంగ్లీష్ రానక్కర్లేదు.

ముందు టైంటేబుల్ తెల్ల కాగితం మీద పెద్దక్షరాలతో వాడి చేతే రాయించి, బ్యాగు పెట్టే చోట గోడకి అంటించండి. పుస్తకాలు రాత్రే సర్దాలి, పొద్దున బస్సు హడావిడిలో వద్దు. రేపటి పీరియడ్లు చూసి ఆ పుస్తకాలే పెట్టాలి. ఆరు, ఏడు తరగతులకు బ్యాగు బరువు 2 నుంచి 3 కిలోలు దాటకూడదని కేంద్రం 2020లో ఇచ్చిన విధానంలో ఉంది. అన్నీ మోసుకుపోయే పిల్లోడి బ్యాగు దానికి రెట్టింపు తూగుద్ది.

‘గుర్తులేదు’ అనేది అబద్ధం అయ్యుండదు. బెల్లు కొట్టగానే ఒక సారు పోయి ఇంకో సారు వస్తారు, సందు దొరకదు. జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి కొనివ్వండి. పైన తేదీ, కింద పీరియడ్‌కొక లైను: సబ్జెక్టు, పేజీ నంబరు, అంతే. మొదటి రెండు వారాలు ఇంకేమీ రాయమనొద్దు, ఎక్కువ అడిగితే అదీ మానేస్తాడు. సాయంత్రం ‘హోంవర్క్ ఏంది’ అనకుండా ‘మూడో పీరియడ్‌లో ఏ పేజీ’ అని అడగండి. పేజీ తెరిస్తే మిగతాది వాడికే గుర్తొస్తుంది.

తర్వాత నోట్సులు. అక్షరం అర్థం కాకపోయినా మీరు పట్టుకోగలిగినవి ఉంటాయి. ఇవాళ్టి తేదీ ఉందా? వాక్యం మధ్యలో ఆగిపోయిందా? సారు ఎర్ర సిరా సంతకం ఎన్నాళ్ల కిందటిది? సగంలో ఆగిన వాక్యాలు ఎక్కువగా ఉంటే బోర్డు తుడిచేలోగా వాడు రాసుకోలేకపోతున్నాడని. దానికి కారణాలు రెండు. ఒకటి చూపు: ఒక కన్ను మూయించి గది ఆ చివరున్న క్యాలెండర్‌లో తేదీలు చదివించండి, తర్వాత రెండో కన్ను. ఏ కంటితో తడబడినా ఆసుపత్రిలో చూపించాలి, అందాకా ముందు బెంచీలో కూర్చోబెట్టమని క్లాస్ టీచర్‌కి చెప్పాలి. రెండోది, ఇంగ్లీష్‌ని ఒక్కో అక్షరంగా చూసి దించుకోవడం. నాలుగక్షరాల మాటకు నాలుగుసార్లు తలెత్తుతాడు. రోజూ పది నిమిషాలు ఇంగ్లీష్ రీడర్‌లో ఐదు లైన్లు రాయించండి. మాట మొత్తం పైకి చదవాలి, పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టాలి, చూడకుండా రాయాలి.

ఇంగ్లీష్ మీడియం అని భయపడొద్దు. సర్కారు బడి సైన్సు, సోషల్, లెక్కల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు. తెలుగు పేజీ మీరు చదివి వినిపించండి, వాడి మాటల్లో చెప్పమనండి, తర్వాత ఇంగ్లీష్ పేజీ వాడు చదవాలి. ఆగిపోయిన మాటల్లో ఐదింటి కింద గీత గీసి, ఆరో తరగతి కిట్‌లో ఇచ్చిన డిక్షనరీలో వెతికించండి. చాలా ఇళ్లలో ఆ డిక్షనరీ అట్ట కూడా తెరవరు.

లెక్కల్లో రెండు చోట్ల చూడండి. మొదటిది భాగహారం. 4816ని 16తో భాగించమంటే ఎక్కువమంది 31 వేస్తారు. 48లో 16 మూడుసార్లు పోయింది, 1 కిందికి దించారు, 1లో 16 పోదు. అక్కడ సున్న పెట్టకుండా 6 దించేస్తారు. సరైన జవాబు 301. 31ని 16తో గుణిస్తే 496 వస్తుందని వాడి చేతే చేయించండి, తప్పు వాడి కంటికే కనపడుద్ది. రెండోది భిన్నాలు. 1/2కి 1/3 కలపమంటే పైవి పైవి, కిందవి కిందవి కలిపి 2/5 అంటారు. సగానికి ఇంకాస్త కలిపితే సగం కన్నా తగ్గుద్దా అని అడగండి. రెండు నిమ్మకాయలు తీసుకుని ఒకదాన్ని రెండు, ఇంకోదాన్ని మూడు ముక్కలు కోసి చూపిస్తే, రెండింటినీ ఆరో వంతుల్లోకి మార్చి 5/6 ఎందుకు తేవాలో అర్థమవుద్ది. ఇవి రానోడికి క.సా.గు., దశాంశాలు అన్నీ అయోమయమే. ఎక్కాలు 12 దాకా ఈ నెల్లోనే తడుముకోకుండా రావాలి, 20 దాకా దసరా లోపు.

ఇదంతా కలిపి రోజుకు గంట. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు హోంవర్క్ గంట దాటకూడదని, బ్యాగు బరువు చెప్పిన ఆ 2020 విధానంలోనే రాశారు. ఆ హద్దు దాటించొద్దు.

హిందీ_మేడమ్_కావలి

లెక్కల సార్ హిందీ వదిలేశారు కాబట్టి అది నేను చెప్తాను. మన సర్కారు బళ్లలో హిందీ ఆరులోనే మొదలు. మీ వాడు వెనకబడలేదు, క్లాసులో అందరూ అక్కడే ఉన్నారు. ఈ రెండు నెలలు పట్టుకుంటే పది దాకా ఇబ్బంది ఉండదు.

మీకు హిందీ రాకపోయినా సాయం చెయ్యొచ్చు. అక్షరాల వరస తెలుగులో ఉన్నట్టే: క ఖ గ ఘ, చ ఛ జ ఝ. రోజుకు ఐదక్షరాలు, పావుగంట. అట్ట ముక్కలు కోసి ఒకవైపు హిందీ అక్షరం, వెనక తెలుగు అక్షరం వాడి చేతే రాయించండి. మీరు తెలుగు వైపు చూస్తూ అడుగుతుంటే వాడు హిందీ వైపు చూసి చెప్పాలి.

తప్పులు పోయే చోట్లు ఇవీ. భ, మ ఒకేలా ఉంటాయి. ధ, ఘ కూడా అంతే. తేడా అంతా పై గీతలో ఉంది. భకీ ధకీ ఎడమవైపు గీత తెగి ఉంటుంది, మకీ ఘకీ పైన నిండుగా ఉంటుంది. పిల్లలు అక్షరాలన్నీ రాసేసి చివర్లో పొడుగ్గా ఒకే గీత గీసేస్తారు, అప్పుడు భ కాస్తా మ అయిపోతుంది. ఏ అక్షరం గీత ఆ అక్షరంతోనే గియ్యాలని మొదటి రోజే అలవాటు చెయ్యండి. గుణింతంలో ‘కి’ రాసేటప్పుడు గుడి గుర్తు అక్షరానికి ముందొస్తుంది, పలికేది మాత్రం తర్వాత. కంటికి ముందు కనపడింది ముందే పలకబోయి తడబడతారు. ఇంకొకటి, హిందీలో మాట చివరి అకారం పలకరు. రాసేది ‘రామ’, చదివేది ‘రామ్’. మనకు ప్రతి అక్షరం నిండుగా పలకడం అలవాటు కాబట్టి దీనికి కొన్నాళ్లు పడుతుంది, తిట్టొద్దు.

పాఠం పైన తెలుగులో ఉచ్చారణ రాసుకోనివ్వకండి. గైడుల్లో అలాగే ఉంటుంది, పిల్లలకు హాయిగానూ ఉంటుంది. కానీ కన్ను తెలుగు మీదే పోతుంది, హిందీ అక్షరం ఎప్పటికీ రాదు. తొమ్మిదో తరగతిలో కూడా ఇలా చదివే పిల్లలున్నారు.

అక్షరాలు జులై లోపు, గుణింతాలు ఆగస్టులో, ఒత్తులు దసరాకి. ‘పదిలో హిందీకి 20 వస్తే పాసే కదా’ అనే మాట పిల్లాడి ముందు అనకండి. ఆ మాట విన్న రోజు నుంచి పుస్తకం పక్కన పెట్టేస్తారు.

పొదలకూరు_నిమ్మతోట

సార్, మేడమ్, చానా సంతోషం. ఇయ్యాల్టి నుంచే మొదలుపెడతాం. అయితే ట్యూషన్ అక్కర్లేదా? ఇంకోటి, బస్సుకి రోజూ డబ్బులిచ్చి పంపిస్తన్నాం, పాస్ ఎట్టా తియ్యాలో తెలీదు.

సింగరాయకొండ_అక్క

తమ్ముడూ, మొదటి ఎఫ్‌ఏ (ఏడాది మధ్యమధ్యలో బళ్లో పెట్టే చిన్న పరీక్ష) అయ్యేదాకా ట్యూషన్ జోలికి పోవద్దు. బస్సు దిగి అయిదున్నరకి ట్యూషన్‌లో కూర్చుంటే ఎనిమిది అవుద్ది, తిని పడుకునేసరికి పది. ఈ వయసు పిల్లలకు కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి, లేకపోతే మొదటి పీరియడ్‌లోనే కునికిపాట్లు. పైగా చాలా ట్యూషన్లలో హోంవర్క్ బోర్డు మీద రాసి దించుకోమంటారు. నోట్సు నిండుగా కనపడుద్ది, మీరు సంతోషపడతారు, వాడికి ఒక్క ముక్క రాదు. ఒకవేళ వెయ్యాల్సొస్తే ఏ సబ్జెక్టుకో తేల్చుకుని దానికే వెయ్యండి.

బస్ పాస్ సంగతి. మగపిల్లలకు 12 ఏళ్ల లోపు, ఏడో తరగతి దాకా, 20 కిలోమీటర్ల లోపు ఆర్టీసీ ఉచిత పాస్ ఇస్తుంది. ఆర్టీసీ పాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టాలి. ఫొటో, ఆధార్ చేతిలో ఉంచుకోండి, స్కూలు ధ్రువీకరణ తప్పనిసరి. ఆ తర్వాత డిపో కౌంటర్‌లో పాస్ తీసుకోవాలి. ఆధార్‌లో, స్కూలు రికార్డులో పుట్టినతేదీ వేరుగా ఉంటే తిప్పి పంపుతారు, ముందే సరిచూసుకోండి. ఏడాది మధ్యలో పన్నెండు నిండితే ఆ తర్వాత రాయితీ పాస్‌కి డబ్బు కట్టాలి, అది లెక్కలో పెట్టుకోండి. ఆడపిల్లలున్నోళ్లకి: 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి అనే ఉచిత బస్సు పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బులు కట్టక్కర్లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గరుంటే చాలు.

హాజరు కూడా చూసుకోండి. పిల్లల చదువుకని ఆంధ్ర సర్కారు తల్లి ఖాతాలో వేసే తల్లికి వందనం డబ్బులకు 75 శాతం హాజరు ఉండాలి. ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే 165 రోజులు వెళ్లాలి. కోతలప్పుడు వారం, తిరనాళ్లకి నాలుగు రోజులు, పెళ్లిళ్లకి ఇంకో వారం అని మానిపిస్తా పోతే 55 రోజులు ఇట్టే కరిగిపోతాయి. వాళ్లమ్మ బ్యాంకు ఖాతా ఆధార్‌తో లింకు అయిందో లేదో ఇప్పుడే అడిగి తెలుసుకోండి, డబ్బులు పడే నెలలో పరిగెత్తొద్దు.

కనిగిరి, దర్శి వైపు ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లవాళ్లు ఇది చదువుతుంటే, బోరు నీళ్లు కాకుండా ఆర్‌వో ఫిల్టర్ నీళ్లు లీటరు సీసాలో పోసి పంపించండి.

పీఈటీ_ఆత్మకూరు

చదువు గురించి అందరూ చెప్పారు, నేను ఒక్కటే చెప్తా. కొత్త బళ్లో పిల్లోడు నీళ్లు తాగడం మానేస్తాడు. మరుగుదొడ్డికి పోవాలంటే పెద్ద తరగతి పిల్లల ముందు నుంచి పోవాలి, అందుకని. సాయంత్రం సీసా నిండుగా తిరిగొచ్చినా, సోమవారం పొద్దున్నే కడుపునొప్పి అన్నా ముందు ఇదే అడగండి. ఇంటర్వెల్‌లో పక్క బెంచీ వాడితో జతగా పొమ్మనండి. క్లాస్ టీచర్‌కి కూడా చెవిన వెయ్యండి. ఆడపిల్లలకైతే ఈ వయసు నుంచే బ్యాగులో ఒక ప్యాడు, ఒక జత లోదుస్తులు కవర్లో పెట్టి, ఎందుకో అమ్మే ముందుగా చెప్పాలి.

‘బడి ఎట్టుంది’ అంటే ‘బాగుంది’ అనేస్తారు. అన్నం ఎవరి పక్కన తిన్నావు, బస్సులో ఎవరితో కూర్చున్నావు అని అడగండి. రోజులు గడిచినా ఒక్క పేరూ చెప్పకపోతే ఒంటరిగా ఉన్నాడని. పెన్నులు, టిఫిన్ డబ్బులు మాటిమాటికీ పోతున్నాయంటే ఎవరో లాక్కుంటున్నారు. అప్పుడు వాణ్ణి వెంటబెట్టుకుని అందరి ముందూ నిలదీయొద్దు, ఆ తర్వాత వాడికి ఇంకా కష్టమవుద్ది. మీరొక్కరే వెళ్లి క్లాస్ టీచర్‌తో విడిగా మాట్లాడండి. ప్రార్థన వేళ పోవద్దు, ఎవరూ వినే స్థితిలో ఉండరు. ముందురోజు డైరీలో రాసి పంపించి, సార్‌కి ఖాళీ పీరియడ్ ఎప్పుడో కనుక్కుని వెళ్లండి. కొట్టడం దాకా పోయి, బళ్లో చెప్పినా ఆగకపోతే 1098కి ఫోన్ చెయ్యొచ్చు, పిల్లల కోసమే ఉన్న నంబరు.

పొదలకూరు_నిమ్మతోట

సీసా నిండుగానే తెస్తన్నాడు సార్. ఎండలు తగ్గినాయి కదా, అందుకే తాగట్లేదేమోలే అనుకున్నా. ఈ రాత్రికి అడుగుతా. చివరిగా ఒకటి, ఎఫ్‌ఏ మార్కులొచ్చాక అందులో ఏం చూడాలి?

లెక్కల_సారు_కొండపి

మార్కు కన్నా జవాబు కాగితం ముఖ్యం అన్నా, అది అడిగి చూడండి. ఖాళీగా వదిలినవి ఎన్ని, రాసి తప్పైనవి ఎన్ని, విడివిడిగా లెక్కపెట్టండి. రాసి తప్పైతే పాఠం సగం అర్థమైందని, ఆ సబ్జెక్టు సార్‌కి చూపిస్తే ఎక్కడ తప్పాడో ఆయనే చెప్తారు. ఖాళీలు ఎక్కువుంటే అవే ప్రశ్నలు మీరు తెలుగులో చదివి నోటితో అడగండి. టకటకా చెప్పేస్తే వాడికి పాఠం వచ్చు, ఇంగ్లీష్‌లో ప్రశ్న చదవడం రావట్లేదు. అప్పుడు కలవాల్సింది ఇంగ్లీష్ సార్‌ని. నోటితో కూడా చెప్పలేకపోతే ఆ పాఠం జరిగిన రోజుల్లో బడికి వెళ్లాడా లేదా చూడండి, చిన్న నోట్‌బుక్‌లో తేదీలు ఉంటాయి కదా. వెళ్లకపోయుంటే ఆ పాఠం వరకు తెలుగు పేజీతో మళ్లీ మొదలుపెట్టండి. వెళ్లినా రాలేదంటే ఆ ఒక్క సబ్జెక్టుకి ట్యూషన్ గురించి ఆలోచించొచ్చు.