న్యాయమూర్తి రాగి పలక: మళ్ళీ అచ్చు తీయవచ్చా?

రిచ్‌మండ్‌వాసి: ఒక ఇంటి సామాను అమ్మకంలో అరచేతిలో ఇమిడే రాగి పలక దొరికింది. గుండ్రటి గీత లోపల ఒక వర్జీనియా న్యాయమూర్తి పక్కముఖం, కింద తిరగేసిన అక్షరాల్లో సెయింట్-మెమిన్ పేరు. ఆ రోజుల్లో అమెరికాలో ముఖచిత్రాలు గీసి, రాగి మీద చెక్కిన ఫ్రెంచివాడు. 1808లో అమెరికా ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ బొమ్మ చెక్కింది కూడా ఈయనే. కొన్ని అచ్చులు తీయిద్దామనుకుంటున్నాను. తప్పా?

పాతముద్ర: తీయకండి. తడి కాగితం పరిచి ప్రెస్సులో తిప్పినప్పుడల్లా ఆ ఒత్తిడికి రాగి గీతలు అణుగుతాయి, సిరా తుడిచినప్పుడల్లా అరుగుతాయి. ముందు పోయేది బుగ్గ మీది పలచటి నీడ. దాన్ని సెయింట్-మెమిన్ పళ్ళ చక్రం దొర్లించి చుక్కలుగా దింపాడు, లోతు ఎక్కువ ఉండదు.

ప్రెస్సుపని: అచ్చు కోసం పుట్టిన వస్తువును బీరువాలో పెట్టి పూజ చేయమంటారా? సెయింట్-మెమిన్ 25 డాలర్లు తీసుకుని చేతితో గీసిన బొమ్మ, పలక, 12 అచ్చులు ఇచ్చేవాడు. పలక ఎందుకిచ్చినట్టు? కావలసినప్పుడు మళ్ళీ తీయించుకోమనే కదా! అరుగుతుందని భయమైతే విద్యుత్తుతో సన్నటి ఇనుప పూత ఎక్కించండి. అరిగేది పూతే.

గోదావరిగట్టు: ముందు చింతపండుతో తోమండి, తళతళలాడుతుంది.

పాతముద్ర: అయ్యా, అది రాగి చెంబు కాదు! పీచుతో రుద్దితే ఆ చుక్కలు ఉంటాయా?

ప్రెస్సుపని: పులుపు వల్ల నష్టం లేదు. వెనిగర్, ఉప్పు కలిపి రాగి పలకలు కడగడం మాకు మామూలే.

పాతముద్ర: కొత్త పలకలు కడగడం వేరు. గీతల్లో రెండు వందల ఏళ్ళ సిరా గట్టిపడి ఉన్నచోట పులుపు ఏం చేస్తుందో చెప్పండి.

ప్రెస్సుపని: మీరు ముందు పీచు అన్నారు, నేను పులుపు గురించి చెబితే ఇప్పుడు సిరా అంటున్నారు.

తిరుపతి: అన్నమయ్య రాగిరేకులను ఎవరైనా ప్రెస్సులో పెట్టారా?

ప్రెస్సుపని: అవి చదువుకోవడానికి చెక్కినవి, అక్షరాలు సూటిగానే ఉంటాయి. ఇక్కడికి ఎందుకు తెచ్చారు?

పాతముద్ర: నా అనుభవం వినండి. సెయింట్-మెమిన్ కాలం అచ్చని నమ్మబలికితే ఒక వ్యాపారి దగ్గర కొన్నాను. నల్లగా ఉండవలసిన కోటు బూడిద రంగులో ఉంది. అరిగిన పలక నుంచి ఎన్నో ఏళ్ళ తరువాత తీసినదట. సెయింట్-మెమిన్ 1814లోనే ఫ్రాన్సు వెళ్ళిపోయాడు. ఇక్కడ మిగిలిన పలకలతో ఎవరికి తోచినట్టు వాళ్ళు తీసుకున్నారు.

ప్రెస్సుపని: ఇప్పుడు బయటపడింది! మీ బాధ పలక గురించి కాదు, మీ దగ్గరున్న అచ్చుల ధర గురించి.

పాతముద్ర: అవును, ధర గురించే! పన్నెండు ఉన్నచోట రెండు వందలు వస్తే, కష్టపడి అసలుది కొన్నవాడి గతి ఏమిటి? కొత్త అచ్చు వెనక పెన్సిలుతో తేదీ వేస్తామంటారు. చెరపడానికి ఒక్క రబ్బరు చాలు.

రిచ్‌మండ్‌వాసి: ఈ ఏడాది అంకె, వెలుతురుకు పట్టి చూస్తే కనిపించే నీటిగుర్తుగా ఉన్న కాగితం చేయించి, దాని మీదే తీయిస్తే?

పాతముద్ర: అదైతే కొంత నయం. ఎన్ని తీస్తారో ముందే ఇక్కడ రాయండి, దానికి కట్టుబడండి.

ప్రెస్సుపని: డబ్బు పెట్టి కొన్నది ఆయన. లెక్క చెప్పమనడానికి మీరెవరు?