రాయల పద్యంలో అది ‘తగిరిస’యా, ‘గిరిస’యా?

పద్యప్రియ: శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’లో వానాకాలం పల్లె రెడ్ల తిండి చెప్పే మత్తేభ పద్యం ఉంది కదా, వారం నుంచి అందులో ఒకటే పాదం నోట్లో ఆడుతోంది. ‘గురుగుం జెంచలి దుమ్మి లే...గిరిసాకుం దింత్రిణీపల్లవో...’ మధ్యలో ‘త’నా, ‘ద’నా? లేత గిరిసాకా, లేఁ దగిరిసాకా?

నల్లమల: లేఁదగిరిసాకే. లేఁ + తగిరిస + ఆకు, త సరళమై ద అయింది. తగిరిస అంటే తంటెం, ఆకును కూరగా వండుకునే మొక్క.

మత్తేభం: ఛందస్సు తీర్పు చెప్పదండీ. దగిరి అన్నా తగిరి అన్నా మూడు లఘువుల నగణమే. యతి గు–కుం, ఈ అక్షరం జోలికి రాదు.

మెతుకుసీమ: నాకు ‘త’ కన్నా ‘లే’ ముఖ్యం. తంటెం సునాముఖికి చుట్టం, ముదురాకు తింటే విరేచనాలే. అందుకే మా వైపు చిగుళ్ళే గిల్లుతారు. రాయలు ఆ ‘లే’ని గణం కోసం వేయలేదు, తెలిసే వేశాడు. దీనికి సంస్కృతంలో దద్రుఘ్నమనీ పేరు, అంటే తామరను పోగొట్టేది. ఆ చర్మవ్యాధికి గింజలు నూరి పట్టిస్తారు. కసిందను చూసి తంటెం అనుకోకండి. తంటెం ఆకు కొస గుండ్రం, కసిందకు మొన ఉంటుంది. కసింద గింజలు విషం.

గునుగుపువ్వు: గురుగు మా గునుగే కదా? బతుకమ్మలో పేర్చేదే, లేతగా ఉంటే కూర. తుమ్మి అయితే మాకు వినాయక చవితి నాడు ఉండాల్సిందే. ముసురు రోజుల్లో దగ్గుకు, కఫానికి మంచిదంటారు.

నల్లమల: గునుగులో ‘న’ ఉన్నచోట గురుగులో ‘ర’ ఎలా వచ్చిందో చెప్పండి, ఒప్పుకుంటాను.

పలనాడు: తింత్రిణీపల్లవం అంటే చింతచిగురే కదా, ఆ ముచ్చట రాయలతో మొదలు కాలేదు మాస్టారూ. ‘తింత్రిణీపల్లవయుక్తమౌ నుడుకు బచ్చలిశాకము జొన్నకూటితో’ ఒక్క ముద్ద మింగమని కృష్ణుడికే సవాల్ విసిరాడు శ్రీనాథుడు!

పద్యప్రియ: అది శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువు. రాయల పద్యంలో వంట కూడా ఉంది చూడండి, ‘పొరంటి నూనియలతో’, అంటే నూనెలో వేపి. ఆకుకూరల్లోని కెరోటిన్ ఒంటపట్టాలంటే నూనె తగలాలి, ఇనుము ఒంటపట్టడానికి పులుపు సాయం. ఇక ఆ రెడ్లు! మేకెరువు (మేకల పెంటికల) కుంపటి పెట్టుకుని మంచమెక్కితే దూడలు ఒళ్ళు నాకుతుంటాయి. 1509లో సింహాసనం ఎక్కిన చక్రవర్తి ఆ పాకలో ఎప్పుడు కూర్చున్నాడో అనిపిస్తుంది నాకు.

మత్తేభం: ఆరికోగిరం అంటే అరికల అన్నం, అది సరే. దాని ముందున్న ‘కట్టావి కుట్టు’లో ఆవి అంటే ఆవిరేనా? కుట్టడం అంటే వేడి చురుక్కుమనడమా, పొగలు ఎగయడమా?

నల్లమల: ఆవిరే. కుట్టు సంగతి రాత్రికి రాస్తాను, అది పెద్ద కథ.