ఇంజిన్ తాళంచెవి తీసేసినా ఐసొలేటర్ సొలినాయిడ్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

టెక్సాస్‌లో మేము వాడుతున్న 1996 నాటి మోటార్‌హోమ్‌లో (ఇల్లులా వాడుకునే బండిలో) ఇంజిన్‌కు ఒక 12 వోల్టుల బ్యాటరీ, లోపలి లైట్లకూ నీళ్ల పంపుకూ సిరీస్‌లో కలిపిన రెండు 6 వోల్టుల గోల్ఫ్‌కార్ట్ బ్యాటరీలు ఉన్నాయి. బండి నడుస్తున్నప్పుడు ఈ రెండు వైపులనూ కలిపి, ఆపగానే విడదీయవలసిన ఐసొలేటర్ సొలినాయిడ్ (విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్) బానెట్ కింద ఉంది.

లోపలి బ్యాటరీల డిస్కనెక్ట్ స్విచ్ ఆపి బండిని మూడు రాత్రులు నిలిపితే, ఇంజిన్ బ్యాటరీ 12.6 నుంచి 11.8 వోల్టులకు పడిపోతోంది. మీటరును సిరీస్‌లో పెట్టి చూస్తే, తాళంచెవి తీసి ఉన్నా 0.9 ఆంపియర్లు లాగుతోంది. ఫ్యూజులు ఒక్కొక్కటీ తీసి చూసినా తేడా రాలేదు. సొలినాయిడ్‌ను తాకితే గంటల తర్వాత కూడా వెచ్చగానే ఉంది. దాన్ని ఆన్ చేసే చిన్న టెర్మినల్ తీగ విప్పగానే ఆ వాడకం 0.04కు తగ్గింది, ఆ తీగ కొసలో మాత్రం 12.4 వోల్టులు అలాగే కనిపిస్తున్నాయి. నిరంతరం పనిచేసే రకానికి చెందిన కొత్త సొలినాయిడ్ బిగించినా, డాష్‌బోర్డు మీది అత్యవసర స్టార్ట్ స్విచ్‌ను (ఇంజిన్ బ్యాటరీ చాలనప్పుడు లోపలి బ్యాటరీలను కలిపేది) పూర్తిగా విడదీసినా ఇదే పరిస్థితి. డాష్ వెనుక పాత యజమాని చుట్టిన నల్ల టేపు విప్పితే మూడు తీగలు ఒకే ముడిలో ఉన్నాయి, వాటి రంగులు వైరింగ్ పటంతో సరిపోవడం లేదు (పటాన్ని నమ్మడం నా పొరపాటేమో).

ఇలాంటి పాత బండ్లలో తాళంచెవి తిప్పి ఆన్ చేసినప్పుడే కరెంటు అందవలసిన ఈ చిన్న తీగకు ఎల్లప్పుడూ కరెంటు రావాలంటే, నేను ఇంకా చూడని ఏ చోటు కారణమై ఉంటుంది?