ఫ్యాటీ లివర్‌కి ఎమ్మారైలో కొవ్వు కొలిపించాలా, అల్ట్రాసౌండ్ చాలా?

కృష్ణలంక48: పోయినేడు సూర్యారావుపేటలో అల్ట్రాసౌండ్ తీయిస్తే గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అన్నారు. అప్పట్నుంచి రాత్రిపూట అన్నం మానేసి, రోజూ ప్రకాశం బ్యారేజీ దాకా నడిచి 82 కిలోల నుంచి 76కి వచ్చాను. మొన్న మళ్లీ తీయిస్తే అదే గ్రేడ్ 2! ఏడాది కష్టం ఏమైనట్టు? ఎమ్మారైలో అయితే కొవ్వు ఎంత శాతమో అంకెలో చెబుతారట. తమ్ముడు తీయించమంటున్నాడు, డాక్టరు గారు అక్కర్లేదంటున్నారు.

గుంటూరు టెక్నీషియన్: అన్నగారూ, నేను ఎమ్మారై మెషీన్ దగ్గరే పనిచేస్తాను. నాదీ మీ తమ్ముడి మాటే. అల్ట్రాసౌండ్ గ్రేడ్ అంటే, పక్కనున్న కిడ్నీ కంటే లివర్ ఎంత తెల్లగా ఉందో చూసి కంటితో వేసే అంచనా. చూసే మనిషి మారితే గ్రేడూ మారొచ్చు. ఎమ్మారైలో అలా కాదు. నీటిలోని హైడ్రోజన్, కొవ్వులోని హైడ్రోజన్ కాస్త తేడా ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ ఇస్తాయి. ఆ రెంటినీ విడదీసి కొవ్వు వాటా లెక్కకడతారు. దాన్నే పీడీఎఫ్ఎఫ్ అంటాం. 5 శాతం దాటితే ఫ్యాటీ లివరే. ఇంజెక్షన్ ఉండదు, ఒక్కసారి ఊపిరి బిగబడితే లివర్ మొత్తం వచ్చేస్తుంది. 18 శాతం 11కి దిగితే గ్రేడ్‌లో తెలియకపోవచ్చు, ఇందులో తెలుస్తుంది.

బ్రాడీపేట: కొలత మంచిదే తమ్ముడూ. కానీ అసలు భయం కొవ్వు కాదు, లివర్ గట్టిపడటం, ఫైబ్రోసిస్. మా నాన్నగారి రిపోర్టుల్లో ఏళ్ల తరబడి ‘కొంచెం కొవ్వు’ అనే రాశారు. పొట్టలో నీరు చేరాకే సిర్రోసిస్, అంటే లివర్ బాగా గట్టిపడి పాడయ్యే దశ, అని తెలిసింది. సిర్రోసిస్ ముదిరితే కొవ్వు తగ్గిపోతుంది కూడా. అప్పుడు శాతం చూసి బాగుపడిందనుకుంటే ఎంత మోసం! కృష్ణలంక గారూ, ముందు ఫిబ్-4 వేసుకోండి, అది రక్తపరీక్ష అంకెలతో ఫైబ్రోసిస్ ముప్పుని అంచనా వేసే లెక్క. అందులో వచ్చే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ రక్తంలో కొలిచే లివర్ ఎంజైములు. వయసుని ఏఎస్‌టీతో గుణించండి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.3 లోపు రావాలి. దాటితే లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ సంగతి డాక్టరుని అడగండి. ఇంకోమాట, మీరు తగ్గింది మీ బరువులో 7 శాతం. లివర్ వాపు కూడా తగ్గే స్థాయి అది. కష్టం ఎక్కడికీ పోలేదు.

గుంటూరు టెక్నీషియన్: ఫైబ్రోసిస్ మాట ఒప్పుకుంటాను. గట్టిదనం కొలిచే ఎలాస్టోగ్రఫీ ఎమ్మారైలోనూ ఉంది గానీ ఆ పరికరం అన్ని సెంటర్లలో ఉండదు. బరువు తగ్గిన ఫలితం కళ్లారా చూడాలంటే మాత్రం నా ఓటు పీడీఎఫ్ఎఫ్‌కే.

కృష్ణలంక48: వయసు 48, ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు 2 లక్షల 40 వేలు. సరిగ్గా 1 వచ్చింది. ఎమ్మారై ఇప్పటికి ఆపుతున్నాను. ఎమ్మారై తీయించమన్న మా తమ్ముడికి పదేళ్లుగా షుగరు. వాడికీ ఈ లెక్క వేయడానికి రిపోర్టులు ఈ రాత్రికే తెప్పిస్తాను.